సీటు జరిపిన చెయ్యి

కిందటి వారం భాగంలో కోడలి చెయ్యి సీటు కింది కడ్డీ మీద పడ్డ చోట ఊపిరి బిగబట్టి ఆగాం. పైపుల కోసం తవ్వి, సగం పూడ్చి వదిలేసిన రోడ్డు. దాని నడుమ నేలను కరుచుకున్నట్టుండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. వెనక బారుగా హారన్లు. తోలుతూ తోలుతూనే మామకు ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్చి తొక్కలేక బండి అక్కడికక్కడ ఆగిపోయింది. వెనకున్న సిటీ బస్సు డ్రైవరు తిట్టడానికే దిగివచ్చాడు కానీ, లోపలున్నది తనకు స్టీరింగు పట్టడం నేర్పిన గురువని చూసి నోరు మూసుకున్నాడు. ఆ పెద్దమనిషిని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఇప్పుడు స్టీరింగు ముందు కోడలుంది. ఆమె కాలు క్లచ్చికి అందడం లేదు. సీటు ముందుకు జరిపితే తప్ప బండి కదలదు. ఆ సీటును ఎవరూ జరపకూడదన్నది ఆ ఇంట్లో ఒకరు చెప్పి, ఒకరు విన్న మాట కాదు. అయినా అందరికీ తెలుసు.

మామ కళ్లు మూసుకునే, "వద్దమ్మా" అన్నాడు.

ఆమె కడ్డీ ఎత్తింది. సీటు గరగరమంటూ ముందుకు జారింది.

ఆసుపత్రి దాకా మామ కళ్లు తెరవలేదు. నొప్పికి మూలగలేదు కూడా. ఆ రోడ్డు మీద ఆ కారు తోలడం అంటే అన్నం తిన్నంత తేలిక కాదు. బస్సు చక్రాలు మన చెవి పక్కన తిరుగుతుంటాయి. లారీ పొగ నేరుగా ముక్కులోకే వస్తుంది. రోడ్డు దాటే కుక్క ఆగి మన మొహంలోకి చూసి మరీ పోతుంది. ఆమెకు తోలడం నేర్పింది మొగుడే, అదీ ఈ కారులోనే. గుంతను చూడొద్దు, గుంత పక్కనున్న రోడ్డును చూడు, చూపు ఎటుంటే బండి అటే పోతుందనేవాడు. స్పీడ్ బ్రేకరు వస్తే ఎదురుగా మీదికి పోకూడదు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ మెట్లెక్కినట్టు ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ బతిమాలుతూ ఎక్కించాలి.

బడి ముందున్న పెద్ద మెరక దగ్గర మాత్రం ఏటవాలు కూడా చాలదు. అక్కడ పక్క సీటు మనిషి దిగాల్సిందే. రోజూ కోడలు అక్కడ దిగేది, మామ బరువు తగ్గిన బండిని మెల్లగా దాటించేవాడు, ఆమె నడిచి వెళ్లి మళ్లీ ఎక్కేది. ఆ మలుపులో పళ్లమ్మే ఆవిడకు అది రోజువారీ తమాషా. కప్పను గెంతించారా, అని కారును చూపిస్తూ పలకరించేది. ఆ రోజు దిగడానికి వీల్లేని మనిషి పక్క సీట్లో ఉన్నాడు. ఆమె ఎంత వంకర తిప్పినా కారు పొట్ట మెరకకు తగిలి, గచ్చు మీద ఇనప మంచం ఈడ్చినట్టు చప్పుడయింది. మామ కళ్లు తెరవకుండానే అరచెయ్యి చాపి ముందున్న డాష్‌బోర్డు మీద పెట్టాడు. కర్ర దెబ్బ తిన్న ఎద్దు వీపు మీద రైతు చెయ్యి పెట్టినట్టుగా.

ఈ మనిషే ఒకప్పుడు ఆ కారు మొహం చూడనన్నాడంటే కొత్తగా చదివేవాళ్లు నమ్మరు. కొడుకు కార్లకు రంగులు కొట్టే షెడ్డులో పెయింటరు. వరదలో మునిగి, తుక్కు కింద పడి ఉన్న ఈ కారును తెచ్చుకుని, సెలవు రోజుల్లో ఒక్కో రేకూ సరిచేసి, తన చేత్తో రంగు కొట్టి ప్రాణం పోశాడు. పోసినవాడు ముసుగేసి దాచుకోలేదు. రోజూ పనికి అందులోనే పోయాడు. తండ్రి జీవితమంతా సిటీ బస్సు తోలినవాడు. ఎత్తు సీటు మీద కూర్చుని జనాన్ని నెత్తి మీది నుంచి చూడ్డం అలవాటైన మనిషి. ఈ రోడ్ల మీద బస్సే ఏడుస్తుంటే నీ కప్ప బతుకుతుందా, అన్నాడు. కప్పకు గుంతలే కదా నాన్నా ఇల్లు, అన్నాడు కొడుకు. ఆ పూట నలుగురూ నవ్వారు. కానీ కారు అడుగు పగిలి బాగుచేయించుకున్న ప్రతిసారీ నవ్వు తగ్గింది, మాట ముదిరింది. ఒకసారి తండ్రి, చచ్చినా నేను అందులో ఎక్కను, నా శవాన్నయినా ఎక్కించకండి అన్నాడు. ఆ మాట తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఎదురెదురు గోడల్లా ఉండిపోయారు.

ఒక మధ్యాహ్నం కొడుకు షెడ్డులో మొహానికి ముసుగుతోనే కూలిపోయాడు. గుండె. ఆంబులెన్సులో అతని పక్కన ఉన్నది భార్య ఒక్కతే. అన్నీ అయిపోయాక తండ్రి గోడవైపు తిరిగి కూర్చుండిపోయాడు. ముద్ద పెడితే తినడు, దుప్పటి కప్పితే పడుకోడు. ఒక పొద్దున కోడలు ఆయన వెనక నిలబడి, ఆంబులెన్సులో కొడుకు అన్న ఆఖరి మాట చెప్పింది. నాన్నను ఒక్కసారి ఎక్కించుకుని తిప్పాలి, అన్నాడని. మామ లేచాడు. మొహం కడుక్కున్నాడు. తాళం చెవి ఏదని అడిగాడు.

ఆనాటి నుంచీ కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పనికి కోడల్ని పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం ఆయన డ్యూటీ. వాన పడ్డా అదే, ఎండ కాసినా అదే. కొడుకు ఆరడుగుల మనిషి. తండ్రి అతని చెవి దాకా కూడా రాడు. అయినా సీటు ముందుకు లాక్కోలేదు. క్లచ్చిని కాలి బొటనవేలితో అందుకుంటూ, గుంత వచ్చినప్పుడల్లా మునివేళ్ల మీద నిలబడ్డట్టు సాగుతూ ఏడాది తోలాడు.

దానికి కారణం డిపో నేర్పిన విద్య. ఒకరు దిగిన బస్సును ఇంకొకరు ఎక్కి తోలేచోట, డ్రైవరు ముందుగా చేసే పని సీటు తనకు సరిపడా జరుపుకోవడం. మామ మాత్రం జరిపే ముందు ఒక్క క్షణం ఉన్నదున్నట్టు కూర్చునేవాడు. కూర్చుని, ముందు షిఫ్టులో తోలింది పొట్ట డ్రైవరా, కుంటి డ్రైవరా, పెళ్లాంతో పోట్లాడి స్టీరింగు మీద పడి తోలే చిన్నవాడా చెప్పేసేవాడు. ఏనాడూ తప్పలేదు. డిపోలో పందేలు కూడా కాసేవాళ్లు. అలాంటి మనిషి కొడుకు పోయాక ఆ కారులో కూర్చుని, సీటు కొడుకు వదిలినట్టే ఉందని తెలుసుకున్నాడు. షెడ్డు నుంచి కారును ఎవరూ తోలకుండా లారీ మీద వేయించి తెమ్మని, తాళం చెవి అడిగిన పూటే కబురు పెట్టింది ఆయనే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు ఎత్తించి, దింపించి, సూదితో గుచ్చి చూసింది. నడుము దగ్గర నరం నలిగిందట. అందని దాన్ని రోజూ సాగదీసి అందుకుంటుంటే ఇలాగే అవుతుందట. ఇంకోసారి ఇంత నలిగితే కాలు తిరిగి మన మాట వినకపోవచ్చు. మందులకన్నా ముందు చెయ్యాల్సింది సీటు ముందుకు జరుపుకోవడం, అంతే కదండీ, అని నవ్వింది.

అత్త ఆటోలో వచ్చింది. ఆమెకూ ఆ కారు గిట్టదు, ఏనాడూ ఎక్కలేదు. ఆయన వార్డులో ఉన్న రెండు రోజులూ మంచం పక్క స్టూలు వదల్లేదు. ఇంటికి పంపే పొద్దున మాత్రం కోడల్ని వరండా చివరికి తీసుకుపోయి, ఆయన కిందికి దిగేలోపు సీటు ఎక్కడుండేదో అక్కడికి తోసెయ్యమంది. ఆ డాక్టరమ్మ చెప్పింది తర్వాత చూద్దాం అంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే తల్లీ. ఈ ఒక్క పూటా గొడవ లేకుండా ఇంటికి చేరనీ."

కోడలు కిందికి వచ్చింది. సెల్లారులోకి దిగే వాలులో కారు మూతి గీసుకుంటుందని వాచ్‌మన్ దాన్ని ప్రహరీ పక్కన, నీళ్ల ట్యాంకు నీడలో పెట్టించాడు. ఆమె డ్రైవరు వైపు తలుపు తియ్యలేదు. ఇటు తిరిగి వచ్చి తన సీట్లో, పక్క సీట్లో కూర్చుంది. కళ్లు మూసుకుంది.

ఇప్పుడు మీకూ ఒక మాట చెప్పాలి. ఆ కారు ఇంటికి లారీ మీద రాలేదు. షెడ్డుకు లారీ వచ్చిన మాట నిజమే. దాని మీది గొలుసులూ కొక్కేలూ చూసి, మొగుడు చేత్తో నునుపు చేసిన ఒంటికి వాటిని తగిలించడం చూడలేక, ఆమే లారీని తిప్పి పంపింది. ఆనాడు కూడా సీటు ముందుకు లాక్కుంది. ఏడుస్తూ తోలింది. వీధి మొగలో ఆపి, మొగుడు కూర్చునే చోటికి సీటును వెనక్కి పంపాలనుకుంది. ఎక్కడికని? గుర్తేమీ పెట్టుకోలేదు. అప్పుడు పక్క సీట్లోకి మారి కళ్లు మూసుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన భుజం తన భుజానికి ఎక్కడ తగిలేదో ఒంటికే తెలుసు. చెయ్యి చాపి, సీటును ఆ భుజం దాకా తోసింది. అక్కడ ఆగింది. లారీ వీధిలోకి రాలేదు, మొగలోనే దింపి తోసుకొచ్చాం అని మామకు చెప్పింది. అంత గుండెకోత రోజున ఎవరు ఆరా తీస్తారు?

మామ అందులో కూర్చుని, "వాడు దిగి వెళ్లినట్టే ఉంది" అన్నప్పుడు ఆమెకు నోరు రాలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి ఆయన అన్నం తిన్నాడు. తిన్న అన్నం కక్కించే మాట ఎవరు చెప్పగలరు?

ట్యాంకు నీడలో ఆమె చాలాసేపు కళ్లు మూసుకునే కూర్చుంది. గతుకులు తలచుకుంది. పెద్ద మెరక, రైలు పట్టాలు, నాలా మీది రాళ్ల దారి. తన కుడి భుజం ముందుకు పెట్టి చూసింది, వెనక్కి పెట్టి చూసింది. మొగుడి గొంతు గుర్తుంది. సబ్బుకు వదలని రంగు వాసన గుర్తుంది. భుజం మాత్రం దొరకలేదు. ఏడాదిగా ఆ వైపున మామ భుజమే ఊగుతోంది మరి. ఒంటికి ఏది అలవాటైతే అదే ఉంచుకుని పాతది వదిలేస్తుంది. ఒళ్లు ఎంత కృతఘ్నురాలో ఆమెకు ఆ పొద్దున తెలిసింది. చివరికి ఉజ్జాయింపుగా ఒకచోటికి తోసి, కొంగుతో మొహం తుడుచుకుని దిగింది.

మామ కర్ర సాయంతో నడిచి వచ్చాడు. కోడలు పక్క సీటు తలుపు తీసి పట్టుకుంది. ఆయన అటు చూడకుండా డ్రైవరు వైపు వెళ్లాడు. తోలడానికి కాదు, ఒక్కసారి కూర్చుంటానన్నాడు. కర్ర అత్త చేతికిచ్చి, తలుపు పట్టుకుని, నడుము ఒడుపుగా వంచి లోపలికి జారాడు. వీపు ఆనించాడు. కాళ్లు చాపాడు. కూరలో ఉప్పు చూసేవాడిలా మొహం పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు.

"కాదు" అన్నాడు.

కడ్డీ ఎత్తి వెనక్కి జరిపాడు. కాదన్నాడు. ముందుకు లాగాడు. అదీ కాదన్నాడు. బండి తియ్యమని చెప్పడానికి వచ్చిన వాచ్‌మన్ ఆయన మొహం చూసి, వచ్చిన పని మరిచినట్టు వెనక్కి పోయాడు. సీటు ముందుకీ వెనక్కీ గరగరమంటూనే ఉంది. అత్త ఒకటి రెండుసార్లు, ఎండ ఎక్కుతోంది ఇంటికెళ్లి చూసుకోవచ్చు అంది. విన్నట్టు లేదు.

కొంతసేపటికి కడ్డీ వదిలేసి, ఎదుటి గోడను చూస్తూ, కోపం లేని గొంతుతో మాట్లాడాడు. కోపం ఉన్నా బాగుండేది.

"వాడి బట్టలు ఎవరెవరికో ఇచ్చేశాం. వాడి మంచం మీద ఇప్పుడు బియ్యం బస్తా ఉంది. వాడు తన చేత్తో పెట్టుకుని, మళ్లీ వచ్చి కూర్చుంటానన్నట్టు వదిలి వెళ్లింది ఇదొక్కటే అమ్మాయ్. ఇందులో కూర్చుంటే వాడి ఒళ్లో కూర్చున్నట్టుండేది నాకు. నా కాలు పోతే పోయేది. నిన్ను వద్దన్నాను కదా."

కోడలు తీసి పట్టుకున్న పక్క తలుపు మెల్లగా మూసింది.

ఆయన భార్య వైపు తిరిగి, అమ్మాయిని కొన్నాళ్లు వాళ్లమ్మ దగ్గరికి పంపించు, అన్నాడు. రోజూ కళ్లెదుట తిరుగుతుంటే నేను ఏదో ఒకటి అనేస్తాను, అనకుండా ఉండాలంటే అదే మంచిది, అన్నాడు. అంటూనే మళ్లీ కడ్డీ ఎత్తాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. పొమ్మంటే పోవడం ఆమెకు కష్టం కాదు. అమ్మ ఉంది, చేతిలో పని ఉంది. క్షమించమని ఒక్క మాట అని, నాలుగు చీరలు సర్దుకుని వెళ్లిపోతే ఆయనకు ఆయన కొడుకు సీటు మిగులుతుంది, పోగొట్టింది కోడలన్న కోపంతో సహా. ఆమె ఆ మాటకు సిద్ధపడే నోరు తెరిచింది. అప్పుడే ఆయన ఎడమకాలు కనిపించింది. చెప్పు విడిచిన ఆ కాలు, నరం నలిగిన ఆ కాలు, క్లచ్చి కోసం బొటనవేలు చాచి సన్నగా వణుకుతోంది. ఈయన వెతుకుతూనే ఉంటాడు. రోజూ ఒక చోట పెట్టి, ఇది కాదని ఇంకోచోట పెట్టి, ఎక్కడా లేని కొడుకు కోసం ఉన్న కాలు పోగొట్టుకుంటాడు.

"మామయ్యా, అది ఆయన పెట్టుకున్నది కాదు" అంది.

సీటు ఆగింది.

"షెడ్డు నుంచి కారు తోలుకొచ్చింది నేనే. లారీని పంపించేశాను. సీటు అప్పుడే జరిపాను. మీరు ఏడాదిగా జరపకుండా కూర్చున్నది నేను పెట్టిన చోట."

అత్త చేతిలో కర్ర ఒకసారి గచ్చుకు తగిలింది. మామ తల తిప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న తండ్రి అడిగేది కాదు, డ్రైవరు అడిగేది.

"దేన్ని బట్టి పెట్టావు?"

ఆమె చెప్పింది. పక్క సీటు, మూసిన కళ్లు, గతుకులో తగిలే భుజం. చెప్పడానికి అవి ఎంత చిన్న మాటలో, పైకి తేవడానికి అంత బరువయ్యాయి.

"మరి ఇందాక మళ్లీ అలాగే పెట్టాల్సింది కదమ్మా."

"గుర్తు రాలేదు మామయ్యా." అంది. "ఎంతసేపు కూర్చున్నా ఆయన భుజం గుర్తు రాలేదు."

ఆ ముగ్గురిలో ఎవరూ ఏడవలేదు. ఏడుపు కూడా కొంత ఓపిక ఉన్నప్పుడే వస్తుంది. మామ కాలు వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డిపోలో ఏనాడూ తప్పని మనిషి కన్నకొడుకు దగ్గర తప్పాడు. పొట్ట డ్రైవర్నీ కుంటి డ్రైవర్నీ ఇట్టే పట్టినవాడు, ఏడాది పొడుగునా రోజుకు రెండుసార్లు కూర్చుని, ఒక ఆడపిల్ల జ్ఞాపకాన్ని కొడుకనుకున్నాడు. ఆయన కోడలి వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు. దారి తెలిసిన మనిషి ఉన్నట్టుండి తెలియని వీధిలో నిలబడితే ఎలా చూస్తాడో అలా ఉంది.

"నన్ను బతికించడానికే చెప్పావు. అది నాకు తెలుసు" అన్నాడు. "లారీ అబద్ధమూ అందుకే చెప్పి ఉంటావు."

కోడలు తల ఊపింది.

"అయితే ఒకటి చెప్పు. ఆంబులెన్సులో వాడు నన్ను ఎక్కించుకుని తిప్పాలన్నాడని చెప్పావే. అది వాడన్నదేనా?"

ఆంబులెన్సు లోపలి తెల్ల దీపం ఆమె కళ్లలో కొట్టింది. ఆ దారంతా ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని పిలుస్తూనే ఉంది. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తిరిగి నొక్కలేదు. మనిషికి తెలివే లేదు, ఇక మాటెక్కడిది? అవునంటే, ఇంతసేపూ చెప్పిన నిజాన్ని తన చేత్తో తనే పూడ్చినట్టు. కాదంటే, గోడవైపు తిరిగిన ఆ మనిషిని మళ్లీ గోడవైపే తిప్పినట్టు.

"దాన్ని అడక్కండి."

అన్నది అత్త. గట్టిగా అనలేదు. కర్ర తీసుకెళ్లి ప్రహరీకి చేరేసింది.

"ఆ మాట దాని నోట పెట్టింది నేను. అలా చెప్పకపోతే మీ మామ దక్కడే అని దాని కాళ్లు పట్టుకున్నాను. మీ గురించి వాడు అన్న మాట వేరే ఉంది. షెడ్డుకు వెళ్లబోతూ, ఆ పొద్దునే, గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు."

కోడలు ఉలిక్కిపడింది. ఇంకో మాట ఉందన్నది ఆమెకూ కొత్తే.

వాడేమన్నాడని మామ అడిగాడు. అత్త ఇటు తిరిగింది. కోడలి తల మీద చెయ్యి వేసి, నువ్వు ఆటోలో ఇంటికెళ్లు తల్లీ, ఇది మేమిద్దరం వినాల్సిన మాట, అంది. ఆ కారు గడప తొక్కనన్న మనిషి, ఏడాదిగా దాని నీడ కూడా తగలనివ్వని మనిషి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో తలుపు ఊతం చేసుకుని, నేలలోకి దిగుతున్నట్టు మెల్లగా పక్క సీట్లోకి దిగింది. తలుపు వేసుకుంది. అద్దం ఎత్తేసింది.

కోడలు ఆటోను పిలవలేదు. ఎండలో అక్కడే నిలబడింది. అద్దం వెనక అత్త పెదవులు కదలడం కనిపిస్తోంది. మాట వినిపించడం లేదు. ఎంతోసేపు చెప్పలేదు. ఒకే ఒక్క మాట చెప్పినట్టుంది.

మామ రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి. ఆ మాటేమిటో వచ్చే వారం.